సీదోను ఓడలు, పారశీకుల యుద్ధాలు: అది మైత్రి అనాలా, లొంగుబాటు అనాలా?

చరిత్ర_టీచరు
డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు గ్రీకు–పారశీక యుద్ధాలు చెబుతున్నాను. మా చేతిలో ఉన్న గైడులో ఫినీషియన్ల గురించి, అంటే ఇప్పటి లెబనాన్ తీరంలోని సీదోను, తూరు వంటి రేవు నగరాలవాళ్ల గురించి, ఒకే ఒక్క వాక్యం ఉంది. వాళ్లు పారశీకుల సామంతులు కాబట్టి ఓడలు ఇచ్చారట, అంతే. నిన్న వెనక బెంచీ అమ్మాయి ఒకతె లేచి, "మేడమ్, సామంతులైతే కార్తేజ్ మీదికి వెళ్లమని చక్రవర్తి చెప్పినప్పుడు 'మేం వెళ్లం' అని ఎలా అనగలిగారు? చక్రవర్తి ఎందుకు ఊరుకున్నాడు?" అని అడిగింది. ఆ పిల్ల ఎక్కడో చదివి వచ్చింది. నాకు తోచింది ఏదో చెప్పాను కానీ నాకే తృప్తి కలగలేదు. సీదోను వంటి వ్యాపార నగరానికి పారశీకుల యుద్ధాల్లో ఏం పని? వాళ్లకు ఏం ఒరిగింది? పొట్టి వాక్యాలతో సరిపెట్టకుండా, తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. సోమవారం మళ్లీ ఆ తరగతికే వెళ్లాలి.

పాతనాణెం
సీదోను రెండు షెకెల్ల వెండి నాణెం బొమ్మ చూపించండి. ఇరవై అయిదు గ్రాములు దాటే పెద్ద నాణెం. ఒక వైపు అలల మీద తెడ్లు వేస్తున్న యుద్ధనౌక. రెండో వైపు రథంలో పారశీక చక్రవర్తి, రథం వెనకే కాలినడకన ఒక మనిషి. మీ ప్రశ్న మొత్తం ఆ వెండి బిళ్ల మీదే ఉంది.

కరకట్ట
రథం వెనక నడిచేవాడిని సామంతుడు కాక ఇంకేమంటారు? కప్పం కట్టి, పిలిచినప్పుడల్లా సైన్యం పంపేవాడికి ఎన్ని అందమైన పేర్లు పెట్టినా సామంతుడు సామంతుడే. గైడులో తప్పేమీ లేదు.

సముద్రగామి
కరకట్ట గారూ, మీరు నేల మీద నిలబడి చూస్తున్నారు. నేను ముప్పై ఏళ్లు సరుకు ఓడల్లో పనిచేసి విశాఖలో స్థిరపడ్డవాడిని. నీటి మీద నుంచి చూస్తే లెక్క వేరు.

పారశీకులు గుర్రాల మనుషులు. ఇరాన్ పీఠభూమి నుంచి వచ్చినవాళ్లకు మధ్యధరా సముద్రం అత్తవారి ఊరంత కొత్త. ఆ రోజుల యుద్ధనౌకకు మూడు వరుసల తెడ్లు, ఒక్కో దానికి 170 మంది తెడ్లవాళ్లు. ఆ 170 మందీ ఒకే ఊపులో తెడ్డు వేయాలి. ఒక్కడు లయ తప్పితే పక్కవాడి తెడ్డుకు తగిలి వరుస మొత్తం ఆగిపోతుంది. ఈ పని రాజాజ్ఞతో రాదు, ఏళ్ల తరబడి సాధన చేస్తేనే వస్తుంది. చుక్కాని పట్టేవాడు ఎదుటి ఓడ పక్కలోకి ముక్కుతో పొడవాలి, పొడిచిన వెంటనే వెనక్కి లాగేయాలి. అటువంటి మనుషులు, ఓడలు కట్టే వడ్రంగులు, వెనకనే లెబనాన్ కొండల మీద దేవదారు కలప, అన్నీ ఒకేచోట దొరికేది ఫినీషియా తీరంలో.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్న. క్రీ.పూ. 525లో పారశీక చక్రవర్తి కాంబైసిస్ ఈజిప్టును పట్టుకున్నాడు. తరవాత కార్తేజ్ మీదికి ఓడలు నడపమన్నాడు. కార్తేజ్ తూరువాళ్లు వెళ్లి కట్టుకున్న ఊరు. మేం గట్టి ప్రమాణాలకు కట్టుబడి ఉన్నాం, కన్నబిడ్డల మీద యుద్ధానికి పోవడం పాపం అని ఫినీషియన్లు తేల్చి చెప్పారు. కాంబైసిస్ బలవంతం చేయలేదు. కారణం గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ స్పష్టంగా రాశాడు. వాళ్లు తమంతట తామే పారశీకుల పక్షాన చేరినవాళ్లు, పైగా నౌకాబలం అంతా వాళ్ల మీదే ఆధారపడి ఉంది. వాళ్లు రాకపోతే మిగిలిన ఓడలు ఆ పనికి చాలవు. కార్తేజ్ అలా బతికిపోయింది.

చరిత్ర_టీచరు
"కన్నబిడ్డల మీద యుద్ధం" అన్న మాట పిల్లలకు చెప్పి తీరాలి. చాలా సంతోషం సముద్రగామి గారూ.

కరకట్ట
ఒక్కసారి కాదనగలిగారు, ఒప్పుకుంటాను. కానీ 45 ఏళ్ల తరవాత గ్రీసులోని సలామిస్ దగ్గర సముద్ర యుద్ధంలో అదే ఫినీషియన్ల నాయకుల తలలు తీయించాడు పారశీక చక్రవర్తి జెర్క్సీస్. మిత్రుల తలలు ఎవరైనా తీయిస్తారా?

లిపికారిణి
సలామిస్‌కు వెళ్లే ముందు ఇంకో 200 ఏళ్లు వెనక్కి వెళదాం. సామ్రాజ్యంతో ఒప్పందం అంటే కాగితం మీద, కాదు మట్టిపలక మీద, ఏం రాసుకునేవారో చెప్పడానికి మనకు ఒక అసలు ప్రతి ఉంది. అష్షూరు (అస్సీరియా) చక్రవర్తి ఎసర్హద్దోను, తూరు రాజు బయలు చేసుకున్న ఒడంబడిక. క్రీ.పూ. 670ల నాటిది. నీనెవెలో దొరికింది, ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. పలక చాలా చోట్ల విరిగిపోయింది. మిగిలిన వరుసలు చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

అందులో కొన్ని షరతులు చెబుతాను. తూరులో చక్రవర్తి ప్రతినిధి ఒకడు కూర్చుంటాడు. చక్రవర్తి నుంచి రాజుకు ఉత్తరం వస్తే ఆ ప్రతినిధి లేకుండా తెరవకూడదు. అతను ఊళ్లో లేకపోతే వచ్చేదాకా ఆగాలి. తూరు వర్తకులు ఏయే రేవులకు వెళ్లవచ్చో జాబితా ఉంది: అక్కో, దోరు, ఫిలిష్తీయుల తీరం, గెబలు (బైబ్లోస్), లెబనాన్. తూరు ఓడ ఫిలిష్తీయుల తీరంలో గానీ అష్షూరు సరిహద్దుల్లో గానీ పగిలితే అందులోని సరుకు అంతా చక్రవర్తిది. ఓడలోని మనుషులను మాత్రం ఎవరూ ముట్టకూడదు, వాళ్ల దేశానికి తిరిగి పంపాలి.

చివర శాపాలు. మాట తప్పితే తూరువాళ్ల సొంత దేవుళ్లే వాళ్ల ఓడల మీదికి చెడుగాలి లేపాలి, లంగరు తాళ్లు విప్పేయాలి, ఓడలు కట్టిన గుంజలు పెరికేయాలి, పెద్ద అల వచ్చి ముంచేయాలి. రాసినవాడికి ఓడవాళ్ల భయం ఏమిటో బాగా తెలుసు.

మోటుపల్లి_గాలి
పగిలిన ఓడ సరుకు మాట చదివి కుర్చీలోంచి లేచాను! మా ఊరికి దగ్గరలోనే మోటుపల్లి. అక్కడ వీరభద్రాలయం దగ్గర కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. సరిగ్గా ఇదే విషయం. తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పాత రాజులు బలవంతంగా లాగేసుకునేవారు. ప్రాణం కంటే ధనం గొప్పదనుకుని సముద్రానికి తెగించి వచ్చే వర్తకుల మీద దయతో, కట్టవలసిన సుంకం తప్ప మిగిలినదంతా వాళ్లకే వదిలేస్తున్నాం అని గణపతిదేవుడు మాట ఇచ్చాడు.

ఎసర్హద్దోను మనుషులను వదిలి సరుకు పట్టాడు. మన రాజు సరుకు కూడా వదిలాడు. మధ్యలో దాదాపు 1,900 ఏళ్లు!

సముద్రగామి
మోటుపల్లి_గాలి గారూ, మంచి మాట గుర్తుచేశారు. ఓడ పగిలితే సరుకు ఎవరిది అన్న తగువు ఈ రోజుకీ తీరలేదు. నేను పనిచేసిన రోజుల్లో కూడా దాని మీద లాయర్లు ఏళ్ల తరబడి కొట్టుకునేవారు.

ఆదివారం_బడి
లిపికారిణి గారు తూరు, సీదోను, గెబలు అని రాస్తుంటే చిన్నప్పటి ఆదివారం బడి గుర్తొచ్చింది. తెలుగు బైబిలు చదివిన ఇళ్లలో ఈ ఊళ్ల పేర్లు పక్క మండలం పేర్లంత పరిచయం. తూరు రాజు హీరాము సొలొమోనుకు దేవదారు మాన్లు పంపడం, బదులుగా సొలొమోను గోధుమలు, నూనె ఇవ్వడం మాకు కంఠతా. సీదోనీయుల రాజు ఎత్బయలు కూతురు యెజెబెలు అహాబును పెళ్లి చేసుకుంది. అది కూడా ఒక పొత్తే కదా. యెహెజ్కేలు గ్రంథం 27వ అధ్యాయంలో తూరునే ఒక పెద్ద ఓడగా వర్ణిస్తాడు. దానికి తెడ్లు వేసేవాళ్లు సీదోను, అర్వదు వాసులు. అందులో సైనికులుగా పారసీకుల పేరు కూడా ఉంది!

పాతనాణెం
ఆ అధ్యాయం వర్తక చరిత్రకు పెన్నిధి. ఏ ఊరి నుంచి ఏ సరుకు వచ్చేదో వరసగా చెబుతుంది.

కరకట్ట
లిపికారిణి గారూ, మీరు చెప్పిన ఒడంబడికే నా వాదానికి బలం. ఉత్తరం కూడా సొంతంగా విప్పుకోలేని రాజుది ఏం మైత్రి? కొన్నేళ్లకే ఆ బయలు ఈజిప్టు రాజు తిర్హాకాతో చేతులు కలిపాడు. ఎసర్హద్దోను వచ్చి తూరుకు తిండి, నీళ్లు రాకుండా చేశాడు. ఇష్టపడి చేసుకున్న ఒప్పందమైతే ఇంత తొందరగా విరిగేది కాదు.

చెరువుగట్టు
నీళ్ల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఆ రోజుల్లో తూరు ఒక దీవి. ఎదురుగా ఒడ్డున ఉసు అనే ఊరు, నీళ్లు, కట్టెలు, శవాలు పూడ్చే నేల అంతా అక్కడే. క్రీ.పూ. 14వ శతాబ్దంలో తూరు రాజు అబిమిల్కు ఈజిప్టు ఫరోకు రాసిన ఉత్తరాలు ఈజిప్టులోని అమర్నాలో దొరికాయి. సీదోను రాజు జిమ్రిద్ద ఉసును ఆక్రమించాడు, మాకు తాగడానికి నీళ్లు లేవు, కాల్చడానికి కట్టెలు లేవు, చచ్చినవాళ్లను పెట్టడానికి మట్టి లేదు, సైనికులను పంపండి అని మొర. పెద్ద రాజ్యం అండ కోసం తూరు ఎందుకు వెతికేదో ఆ ఉత్తరంలో తెలుస్తుంది. శత్రువు దూరాన లేడు, పక్క ఊరివాడే.

ఆ తరవాత అష్షూరు రాజు షల్మనేసెరు నది దగ్గర, కాలవల దగ్గర కాపలా పెట్టి నీళ్లు ఆపితే, తూరువాళ్లు బావులు తవ్వుకుని అయిదేళ్లు తట్టుకున్నారని పాత రాతలు చెబుతున్నాయి.

బందరు_హల్వా
అయిదేళ్లా! మా అపార్ట్‌మెంటుకు నీళ్ల ట్యాంకరు ఒక్క పూట రాకపోతే వాట్సాప్ గ్రూపులో మూడో ప్రపంచ యుద్ధం మొదలవుతుంది.

చెరువుగట్టు
అందుకే బావి పూడ్చకండి అని ప్రతి సమావేశంలో మొత్తుకుంటాను :)

లిపికారిణి
కరకట్ట గారూ, మీరు ఒక చివర పట్టుకుని లాగుతున్నారు, రెండో చివర కూడా చూడండి. ఎసర్హద్దోను క్రీ.పూ. 677లో సీదోనును నేలమట్టం చేశాడు. రాజు అబ్దిమిల్కుత్తి సముద్రంలోకి పారిపోతే చేపను పట్టినట్టు పట్టుకుని తల నరికించానని శాసనాల్లో రాసుకున్నాడు. ఆ సీదోను ఊళ్లలో రెండింటిని ఎవరికి ఇచ్చాడు? తూరు రాజు బయలుకు. వాటిలో ఒకటి సారెపతు, ఆదివారం_బడి గారికి బాగా తెలిసిన ఊరు. అంటే సామ్రాజ్యంతో ఉన్నందుకు పొరుగు ఊరి నేల బహుమానం.

పారశీకుల కాలంలో సరిగ్గా ఇదే జరిగింది, ఈసారి లాభం సీదోనుది. పారిస్‌లో చదువుకునే రోజుల్లో లూవ్ర్ మ్యూజియంలో ఎష్మునాజర్ రాజు నల్లరాతి శవపేటిక ముందు గంటల తరబడి నిలబడేదాన్ని. సీదోను దగ్గర 1855లో దొరికింది. ఈజిప్టులో చెక్కిన పేటిక, మీద ఫినీషియన్ రాత. ఆ రాజు పాలన 14వ ఏట చనిపోయాడు. తను తండ్రి లేనివాడినని, విధవరాలి కొడుకునని, కాలం తీరకుండానే పోయానని చెప్పుకున్నాడు. ఆ ఏడుపు మధ్యలో ఒక గొప్ప మాట ఉంది. నేను చేసిన ఘనకార్యాలకు గాను రాజుల ప్రభువు దోరు, యొప్పే ఊళ్లను, షారోను మైదానంలోని మంచి పంట భూములను మాకు ఇచ్చాడు, అవి ఎప్పటికీ సీదోనువాళ్లవే అని. ఆ పేటిక దగ్గర నిలబడ్డప్పుడల్లా ఆ తల్లి అమ్మొఅష్టార్త్ గుర్తొచ్చేది. కొడుకు పేరు మీద గుడులు కట్టించింది ఆవిడే.

చరిత్ర_టీచరు
"రాజుల ప్రభువు" అంటే పారశీక చక్రవర్తేనా? ఘనకార్యాలు అంటే యుద్ధంలో ఓడలు పంపడమా?

లిపికారిణి
పారశీక చక్రవర్తే అని ఇప్పుడు ఎక్కువమంది పండితుల మాట. ఆ బిరుదును తరవాత టాలెమీలకు (అలెగ్జాండరు తరవాత ఈజిప్టును ఏలిన గ్రీకు రాజులకు) కూడా వాడారు, అందుకే పాతకాలపు పండితుల్లో కొందరు రాజును వాళ్ల కాలానికి దించారు. ఘనకార్యం ఏమిటో పేటిక మీద పేరు పెట్టి లేదు. కానీ సీదోను దగ్గర చక్రవర్తికి కావలసింది ఓడలే. షారోను అంటే ధాన్యం పండే నేల. కొండకూ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న సీదోనుకు తిండిగింజలు ఎప్పుడూ కొరతే.

కరకట్ట
అంటే ధాన్యానికి ఓడలు. అది బేరం. బేరాన్ని మైత్రి అనకండి.

సముద్రగామి
బేరం కుదరాలంటే ఇద్దరికీ కాదనే శక్తి ఉండాలి కరకట్ట గారూ. సామంతుడితో బేరం ఏమిటి, ఆజ్ఞే. మీరే నా వైపు ఒక అడుగు వేశారు.

గ్రీసు మీద జెర్క్సీస్ దండయాత్ర, క్రీ.పూ. 480 సంగతి చూడండి. హెరొడోటస్ లెక్కలో 1,207 యుద్ధనౌకలు. అందులో ఫినీషియన్లు, పాలస్తీనా సిరియన్లు కలిపి 300. అంత పెద్ద వాటా ఇంకెవరిదీ కాదు. ఈజిప్టుది 200, సైప్రస్‌ది 150. అన్నిట్లోనూ బాగా నడిచే ఓడలు ఫినీషియన్లవి, వాళ్లలోనూ సీదోనువి. అబిదోస్ దగ్గర ఓడల పందెం పెడితే సీదోను గెలిచింది. చక్రవర్తి నౌకాదళాన్ని చూడటానికి ఎక్కింది సీదోను ఓడే, బంగారు పందిరి కింద కూర్చున్నాడు. సలామిస్‌కు ముందు సభలో మొదటి ఆసనం సీదోను రాజుది, రెండోది తూరు రాజుది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ముచ్చట ఆ దండయాత్ర ఓడల కోసం గ్రీసులో తవ్విన ఆథోస్ కాలవ. కొండ మెడ దగ్గర కాలవ తవ్వమని తలా ఒక ముక్క పంచారు. మిగిలినవాళ్లంతా పైన ఎంత వెడల్పో కింద కూడా అంతే తవ్వబోతే గోడలు విరిగి పడి పని రెట్టింపయింది. ఫినీషియన్లు మాత్రం పైన కావలసినదానికి రెండింతల వెడల్పు తీసుకుని, దిగేకొద్దీ సన్నం చేసుకుంటూ వచ్చారు. అడుగుకు వచ్చేసరికి అందరితో సమానం, గట్టు మాత్రం చెక్కుచెదరలేదు.

చెరువుగట్టు
గట్టుకు వాలు ఇవ్వాలని మా చెరువు పనివాళ్లకు ఈ రోజు కూడా చెప్పవలసి వస్తుంది. ఆ ఫినీషియన్ మేస్త్రీకి దండం పెడతాను.

నేతపని
ఆ దండయాత్రలో సింధు ప్రాంతపు విలుకాళ్లు కూడా ఉన్నారు. చెట్టుకు కాసే ఉన్నితో చేసిన బట్టలు కట్టారని హెరొడోటస్ రాశాడు, అంటే పత్తి. సైన్యం సముద్రం దాటడానికి కట్టిన వంతెన తాళ్లకు ఫినీషియన్లు తెల్ల నార వాడారు, ఈజిప్టువాళ్లు జమ్ము వంటి పపైరస్ పీచు. ఎవరి నార వాళ్లది. బట్టల వాడిని కాబట్టి నా కన్ను అటే పోతుంది.

మాజీ_జవాను
ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను, ఒక మాట చెప్పాలి. నేను ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో మన బెటాలియన్‌తో దక్షిణ లెబనాన్‌లో పనిచేసి వచ్చాను. సెలవు దొరికిన రోజు సైదా వెళ్లాం. సీదోనును ఇప్పుడు అలా అంటారు. ఊరికి ఈశాన్యంగా అవలీ నది పక్కన ఎష్మున్ దేవుడి గుడి శిథిలాలు ఉన్నాయి, చుట్టూ తోటలు. జబ్బు నయం చేసే దేవుడట. పిల్లల రాతిబొమ్మలు మొక్కుగా పెట్టేవారని చెప్పారు. మా ఊరి గుడిలో వెండి కళ్లు, వెండి కాళ్లు సమర్పిస్తారు కదా, అదే గుర్తొచ్చింది. సీదోనులో దొరికిన ఎద్దుతలల స్తంభశీర్షాలు బేరూతు మ్యూజియంలో చూశాను. అచ్చం పారశీక రాజసౌధాల పని.

ఇక మైత్రి సంగతి. సైనికుడిగా నేను అడిగే ప్రశ్న ఒకటే: ఓడ మీద ఆజ్ఞ ఎవరిది? సీదోను రాజు తెత్రమ్నెస్తోస్ తన ఓడల్ని తానే నడిపించాడు. ఆ పైన మొత్తం దళానికి పారశీక సేనానులు. ప్రతి ఓడలోనూ పారశీక, మీదియ, శక సైనికులు ముప్పై మంది. ఓడ నడిపేది మీరు, ఓడ మీద కత్తి పట్టేది మావాడు. వేరే దేశాల దళాలతో కలిసి పనిచేసినవాడిగా చెబుతున్నాను, ఆ ముప్పై మంది యుద్ధానికి సాయం కూడా, మీ మీద కన్ను కూడా. రెండూ నిజమే.

చరిత్ర_టీచరు
ఆ ముప్పై మంది సంగతి నాకు ఇంతవరకు తట్టలేదు. జవాను గారూ, ఇదే నాకు కావలసింది.

కరకట్ట
సరే, ఇప్పుడైనా సలామిస్‌కు వెళదామా? ఓడలు పోగొట్టుకున్న ఫినీషియన్లు కొందరు జెర్క్సీస్ దగ్గరకు వచ్చి, అయోనియన్లు (పారశీకుల పక్షాన ఓడలు నడిపిన గ్రీకులు) మోసం చేశారు, అందుకే మా ఓడలు పోయాయి అని చెప్పారు. వాళ్లు చెబుతుండగానే చక్రవర్తి కళ్లెదుటే సమోత్రేస్ ఓడ ఒకటి ఏథెన్స్ ఓడను ముంచింది. ఆ సమోత్రేస్‌వాళ్లు అయోనియన్లే. వెంటనే వాళ్ల ఓడ కూడా దెబ్బతింది. అయినా ఈటెలు విసిరి, తమను పొడిచిన ఓడ మీదికే ఎక్కి దాన్ని పట్టుకున్నారు. అది చూసి జెర్క్సీస్, తాము పిరికితనం చూపి తమకంటే మెరుగైనవాళ్ల మీద నిందలు వేస్తారా అని ఆ ఫినీషియన్ల తలలు తీయించాడు. నిన్న మొదటి ఆసనం, ఈ రోజు తలకోత. దీన్నే నేను మొదటి నుంచి చెబుతున్నాను.

సముద్రగామి
ఆ తరవాత ఏమైందో కూడా చెప్పండి. మిగిలిన ఫినీషియన్లు చక్రవర్తి బెదిరింపులకు భయపడి, రాత్రి పడగానే ఓడలు తీసుకుని ఆసియా వైపు వెళ్లిపోయారని గ్రీకు చరిత్రకారుడు డయొడోరస్ రాశాడు. తలలు తీయగలిగినవాడు ఓడల్ని ఆపలేకపోయాడు.

పాతనాణెం
అయినా 86 ఏళ్లకు మళ్లీ కలిసే ఉన్నారు. క్రీ.పూ. 394లో క్నిదోస్ దగ్గర స్పార్టా నౌకాదళాన్ని మట్టికరిపించిన పారశీక దళంలో సీదోను రాజు తెచ్చిన ఓడలున్నాయి. ఈసారి వాటితో కలిసి పోరాడింది ఏథెన్స్ సేనాని కోనోన్. సలామిస్‌లో ఎదురు నిలిచినవాళ్లు ఇక్కడ ఒకే వైపు.

చరిత్ర_టీచరు
అయితే ఎక్కడ తెగింది? సీదోను తిరుగుబాటు చేసిందని చదివాను.

లిపికారిణి
తెగింది ఓడల దగ్గర కాదు, తోట దగ్గర.

క్రీ.పూ. 4వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి సీదోనులో పారశీక అధికారులు ఇల్లు కట్టుకుని కూర్చున్నారు. చక్రవర్తులు విడిది చేసే ఉద్యానవనం అక్కడ ఉండేది. ఈజిప్టు మీద యుద్ధానికి గుర్రాల మేత పోగుపెట్టింది కూడా అక్కడే. త్రిపోలిస్ అనే ఊళ్లో అర్వదు, సీదోను, తూరు అనే మూడు ఫినీషియన్ నగరాలకూ వేర్వేరు వాడలుండేవి. ఫినీషియన్ల ఉమ్మడి సభ జరిగేది ఆ ఊళ్లోనే. సీదోను వాడలో మకాం పెట్టిన అధికారులు జనాన్ని పొగరుగా చూసి అవమానించారు. సీదోను లేచింది. మొదటి పని ఏం చేశారో తెలుసా? చక్రవర్తి తోట చెట్లు నరికేశారు. తరవాత మేత తగలబెట్టారు. అవమానించిన అధికారులను పట్టుకుని శిక్షించారు. ఈజిప్టు రాజు నెక్టనెబో 4,000 మంది గ్రీకు కిరాయి సైనికులను మెంటర్ అనే సేనాని కింద పంపాడు.

తరవాతది చెప్పడానికి చేయి రావడం లేదు. సీదోను రాజు తెన్నెస్ లోపల్లోపల చక్రవర్తి మూడో అర్తక్షత్రకు అమ్ముడుపోయాడు. ఉమ్మడి సభకు వెళదామని నగరంలోని వంద మంది పెద్దలను వెంటబెట్టుకుని వెళ్లి శత్రువు చేతిలో పెట్టాడు. వాళ్లను ఈటెలతో పొడిపించి చంపారు. ఒలీవ కొమ్మలు పట్టుకుని శరణు వేడుతూ ఇంకో 500 మంది వస్తే వాళ్లనూ చంపారు. ఎవరూ పారిపోకూడదని సీదోనువాళ్లు ముందే తమ ఓడలన్నీ తామే తగలబెట్టుకున్నారు. ఓడలతో బతికిన ఊరు! చివరికి ఇళ్లలో తలుపులు వేసుకుని, పెళ్లాం బిడ్డలతో సహా నిప్పు పెట్టుకున్నారు. చనిపోయినవాళ్లు 40,000 పైనే అని డయొడోరస్ లెక్క. కరిగిపోయిన వెండి, బంగారం కోసం ఆ బూడిదను కూడా చక్రవర్తి అమ్ముకున్నాడు. పని అయిపోయాక తెన్నెస్‌ను కూడా చంపించాడు.

మాజీ_జవాను
ఓడలు తగలబెట్టుకున్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ ఊరి రేవులో నిలబడి టీ తాగాను నేను.

ఆదివారం_బడి
నోట మాట రావడం లేదు.

పాతనాణెం
40,000 అన్న అంకె మీద నాకు అనుమానం ఉంది. ఇది జరిగింది క్రీ.పూ. 345లో. పన్నెండేళ్లకే, 333లో అలెగ్జాండరు వచ్చేసరికి సీదోనుకు రాజు ఉన్నాడు, ఓడలు ఉన్నాయి, తెడ్లవాళ్లు ఉన్నారు. పూర్తిగా బూడిదైన ఊరు అంత తొందరగా లేవదు. కానీ సంఘటన నిజమే. సీదోను బందీలను బబులోనుకు తెచ్చినట్టు అక్కడి మట్టిపలక ఒకటి నమోదు చేసింది, చక్రవర్తి పాలన 14వ ఏడు అని సంవత్సరంతో సహా.

కరకట్ట
లిపికారిణి గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నా మాట కొంత సవరించుకుంటున్నాను. మొదటి నుంచీ దాస్యమే అయితే, తోట చూసి అంత కోపం రాదు. ఏదో ఒక మాట ఉంది, అది తప్పారు అన్న కోపం అది. కాంబైసిస్ కాలంలో కాదన్నా ఊరుకున్నవాళ్లు, వీళ్ల ఊళ్లోనే తోట వేసుకుని వీళ్లనే తిట్టే స్థితికి వచ్చారు. అయినా "మైత్రి" అన్న మాటకు నా నోరు తిరగదు. సమానులు కానివాళ్ల మధ్య ఒడంబడిక అంటాను.

సముద్రగామి
దానికి నేనూ ఒప్పుకుంటాను. చేయి కలపండి.

ఇక ముగింపు సంగతి కూడా టీచరు గారికి చెప్పాలి. ఇస్సస్ యుద్ధంలో పారశీక చక్రవర్తి దరియావేషు ఓడిపోయాక అర్వదు, గెబలు, సీదోను అలెగ్జాండరుకు తలుపులు తీశాయి. పారశీక నౌకాదళంలో ఉన్న అర్వదు, గెబలు రాజులు తమ ఊళ్లు చేయి దాటాయని తెలిసి ఓడలు వెనక్కి తిప్పారు. సీదోను ఓడలతో కలిపి సుమారు 80 ఫినీషియన్ నౌకలు, సైప్రస్ నుంచి 120 అలెగ్జాండరు వైపు చేరాయి. సముద్రం మీద పారశీక బలం అంతటితో సరి. అప్పటిదాకా ఒడ్డు నుంచి గట్టు కట్టుకుంటూ తూరు ముందు తంటాలు పడుతున్నవాడికి ఆ ఓడలతోనే దీవి చిక్కింది. ఏడు నెలల ముట్టడి, క్రీ.పూ. 332.

చెరువుగట్టు
ఆ గట్టు చుట్టూ ఇసుక మేట వేసి తూరు ఇప్పటికీ దీవి కాదు, ఒడ్డుకు అతుక్కునే ఉంది. పటంలో చూడండి.

ఆదివారం_బడి
సీదోనువాళ్లు తూరు మీదికి ఓడలతో వెళ్లారా? తమవాళ్ల మీదికే? కన్నబిడ్డల మీదికి వెళ్లం అన్నది వీళ్లే కదా!

లిపికారిణి
వెళ్లారు. కానీ ఒక విషయం. నగరం పడిపోయి నరమేధం జరుగుతున్నప్పుడు, అలెగ్జాండరు సైన్యంలోనే ఉన్న సీదోనువాళ్లు తూరు మనుషులను తమ ఓడల్లో దాచి 15,000 మందిని తప్పించారని కర్టియస్ అనే రోమన్ చరిత్రకారుడు రాశాడు.

ఆదివారం_బడి
ఇది చెప్పినందుకు మీకు రుణపడి ఉంటాను.

చరిత్ర_టీచరు
సోమవారం తరగతి అయింది. 525లో కాదన్న మాట, ఓడకు ముప్పై మంది, నరికిన తోట, దాచిన 15,000 మంది. ఈ నాలుగూ బోర్డు మీద రాసి మిగిలినది పిల్లలకే వదిలాను. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ప్రశ్న అడిగిన అమ్మాయి నాణెం బొమ్మ చూసి, రథం వెనక నడిచేది సీదోను రాజేనని ఎలా తెలుసు అంది. పాతనాణెం గారూ, మళ్లీ మీ దగ్గరకే వచ్చాను.

పాతనాణెం
ఆ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి. సీదోను రాజే అని కొందరు, కేవలం పరిచారకుడని కొందరు, రథంలో ఊరేగుతున్నది దేవుడి విగ్రహమని, వెనక నడిచేది పూజారిగా రాజు అని ఇంకొందరు. మూడు వాదాలూ చెప్పండి.

ఇంకో నాణెం బొమ్మ కూడా పంపుతున్నాను. తిరుగుబాటు కాలం నాటి పారశీక క్షత్రపుడు (చక్రవర్తి కింద ప్రాంత పాలకుడు) మజ్దాయి సీదోనులో ముద్రించినది. ఓడ అలాగే ఉంది, రథం అలాగే ఉంది, వెనక నడిచే మనిషి కూడా ఉన్నాడు. రథం మీద మాత్రం అరమేయిక్ అక్షరాల్లో మజ్దాయి అని పేరు పడింది.

చరిత్ర_టీచరు
రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి అచ్చు తీయిస్తున్నాను. బుధవారం మళ్లీ అదే తరగతి.